ఖాదర్ సార్ పూర్వపక్షం

తత్వశాస్త్ర అధ్యాపకులు అబ్దుల్ ఖాదర్ గారు ఇక లేరు. మొన్న బుధవారం పొద్దున బోధన్‌లోని తమ ఇంట్లో, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా కన్నుమూశారు. జీవితమంతా మాటను నమ్ముకున్న మనిషి మాట లేకుండా వెళ్లిపోవడం ఏమిటో నాకింకా మింగుడుపడడం లేదు.

వార్త చేరేసరికి నేను కాలేజీలో అడ్మిషన్ దరఖాస్తుల మీద సంతకాలు పెడుతున్నాను. ఫోన్ చేసినవాడు గంగాధర్. సార్ దగ్గర నాకంటే రెండేళ్లు వెనక చదివాడు, ఇప్పుడు నిజామాబాద్ మార్కెట్ యార్డులో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పనిచేస్తున్నాడు. "అక్కా, సార్ పోయిండు. నువ్వు జల్ది రా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, సగంలో ఆగిన సంతకాన్ని పూర్తిచేశాను. ఆ తర్వాత ఇంకో రెండు కాగితాల మీద కూడా పెట్టాను. ఛీ, ఏం చేతులివి అనిపించింది.

ఈ వ్యాసం పూర్వవిద్యార్థుల సంచిక కోసం రాయమన్నారు. "ఆయన గురించి మీకంటే ఎవరికి తెలుసు మేడం, నాలుగు మంచి ముక్కలు రాయండి" అన్నారు. నిజమే, నాకు తెలుసు. శిష్యురాలిగా మూడేళ్లు, సహాధ్యాపకురాలిగా చాలా ఏళ్లు, చివరికి ఆయన తరగతి గదికి తాళం వేయించిన ప్రిన్సిపాల్‌గా ఒక రోజు. ఆ తర్వాతి వారం ఆయన నన్నొక మాట అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఎదురుపడిన ప్రతిసారీ తప్పించుకు తిరిగాను. చాలా అలసటగా ఉంది. ఇక తప్పించుకోవడానికి కూడా ఎదురుగా మనిషి లేడు కనుక రాస్తున్నాను.

ఖాదర్ సార్ తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. కొడుకు కూడా ఆ గేటులోపలికే పోతాడని ఇల్లంతా అనుకున్న కాలంలో, ఆయన హైదరాబాద్ వెళ్లి తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి వచ్చారు. న్యాయ, మీమాంస, వేదాంతాది దర్శనాలను, సూఫీల చింతనను, గ్రీకుల తర్కాన్ని ఒకే గొంతుతో, అచ్చమైన బోధన్ తెలుగులో చెప్పేవారు. ఆయన నోట అవచ్ఛేదకం, వ్యాప్తి వంటి న్యాయశాస్త్ర పదాలు విని, పండిత సభలకు వచ్చిన పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఆయనకు ఆ ఆశ్చర్యం పట్టేది కాదు. పొట్టి చేతుల తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, అందులో స్వంత డస్టరు. బోధన్ బస్సు దిగి నడుచుకుంటూ నిజామాబాద్‌లోని మా కాలేజీకి వచ్చేవారు.

మన దర్శన గ్రంథాలలో ఒక సదాచారం ఉంది. తన సిద్ధాంతం చెప్పబోయే ముందు గ్రంథకర్త ఎదుటివాడి వాదాన్ని సమగ్రంగా చెప్తాడు. దానికే పూర్వపక్షమని పేరు. అందరూ దాన్ని చదువుతారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. ఖాదర్ సార్ దాన్ని తరగతిలో చట్టం చేశారు. ఎవరితోనైనా వాదించదలిస్తే ముందు వాళ్ల మాటను మన నోటితో చెప్పాలి. విన్నవాళ్లు "గదే, నేను చెప్పేది గదే" అనాలి. ఆ తర్వాతే మన వంతు. "వాడు గదే అననంత సేపు నీకు నోరు లేదు బిడ్డా, చెవులే ఉన్నయి" అనేవారు. ఒకనాడు దేవుడున్నాడా లేడా అని ఇద్దరు పోట్లాడుకుంటే, గంట కొట్టేదాకా ఒకరి మాట ఒకరు సరిగా చెప్పలేకపోయారు, ఇద్దరిలో ఎవరికీ తమ మాట చెప్పే వంతే రాలేదు. సార్ డస్టరు సంచిలో వేసుకుంటూ, "ఇయ్యాల మస్తు పాఠమైంది" అన్నారు. మాకు ఒళ్లు మండింది.

నన్ను చేర్చడానికి మా బాపు నందిపేట్ దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. కాలేజీ మెట్ల కింద ఒక బల్ల వేసుకుని సార్ కూర్చుని ఉన్నారు. కామర్స్ బల్ల దగ్గర వరుస బయటి దాకా ఉంది, సార్ బల్ల దగ్గర మేమిద్దరమే. బాపు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "సారూ, ఒక్క మాట అడుగుదమనుకుంటున్న" అని నసిగాడు.

"కూసో పెద్దాయనా" అన్నారు సార్. "నువ్వు అడిగేది నేనే చెప్త. తప్పైతే దిద్దు. 'ఎండల పసుపు తవ్వి, ఉడకవెట్టి, ఆరవోసి పిల్లను ఇంటర్ దాక తెచ్చిన. ఇగ మూడేండ్లు గిది సదివి ఇంటికొస్తె, నీ బిడ్డె ఏం సదివిందే అని ఊరోళ్లు అడుగుతరు. నాకు దాని పేరు సుత నోరు తిరగది. రేపు దాని బతుకు ఆగమైతె ఎవరిని అడగాలె? ఈ సారు ఉంటడా, నేనుంటనా?' గిదేనా నీ మాట?"

బాపు తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. "గదే సారూ... గదే" అన్నాడు.

"అయితె ఇగ నా మాట విను. నౌకరి వస్తదని నేను చెప్ప. చెప్తె అబద్ధమైతది. ఎవ్వడన్న మిమ్ములను మోసం చేయవస్తె, వాని మాటల బొక్క ఏడున్నదో నీ బిడ్డెకు కనవడ్తది. గంతవరకు నా జిమ్మేదారి."

తిరిగి వెళ్లే బస్సులో బాపు, "నా మాట నాకంటె మంచిగ జెప్పిండు బిడ్డా. గాయిన తాన్నే సదువుకో" అన్నాడు. నా చదువు అట్లా నిర్ణయమైంది. అసలు సంగతి చాలా ఏళ్ల తర్వాత, నాకు ఉద్యోగం వచ్చాక, నవ్వుకుంటూ బయటపెట్టాడు. "నేను అడుగుదమన్నది బస్సు పాసు గురించే. కాలేజిల ఇస్తరా, డిపోల ఇస్తరా అని. సారు గంత పెద్దగ మాట్లాడినంక బస్సు పాసేం అడుగుత తియ్! గదే అన్న."

ఈ ముచ్చట సార్‌కు చెప్పినప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు. నవ్వు తగ్గాక మెల్లగా అన్నారు: "గదే నా రోగం సునందా. ఎదుటోని మాటను వాడు అనుకున్నదానికంటె పెద్దగ జేస్త. పూర్వపక్షంల తక్కువ జేసుడు ఎంత తప్పో, ఎక్కువ జేసుడు గంతే తప్పు. గప్పుడు ఎదుటోడు దిద్దాలె. మంచిగ జెప్పిండు కదా అని సిగ్గుకు ఊకుంటె, ఇద్దరు ఆగమైతరు." ఆ మాట అప్పుడు నాకు ముచ్చటగా తోచిందంతే.

ఒక ఏడాది అప్పటి ప్రిన్సిపాల్ అన్ని శాఖలనూ ఫ్లెక్సీలు కట్టమన్నారు. ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగాలు వస్తాయో పెద్ద అక్షరాలతో రాయాలి. కంప్యూటర్ వాళ్లు అద్దాల మేడ బొమ్మ వేయించారు. సార్ వారం రోజులు పాత విద్యార్థుల ఇళ్లకు, దుకాణాలకు తిరిగి, ఒక చార్టు కాగితం మీద స్వహస్తంతో జాబితా రాసి తెచ్చారు. బడిపంతుళ్లు ఉన్నారు. మాక్లూర్‌లో ఎరువుల దుకాణం పెట్టినవాడున్నాడు. డిచ్‌పల్లి దిక్కు ఆసుపత్రిలో రోగుల ఇంటివాళ్లకు ధైర్యం చెప్పే పని చేస్తున్నామె ఉంది. నా పేరు పక్కన "ఈ కాలేజిలనే పాఠం చెప్తుంది" అని రాశారు. దాని కిందనే "ఏ పనీ దొరకనివారు" అని కొన్ని పేర్లు, ఆ కింద "జాడ తెలియనివారు" అని ఇంకొన్ని. ప్రిన్సిపాల్ తలపట్టుకున్నారు. "గిట్ల రాస్తె ఎవడు చేరుతడు ఖాదర్ సాబ్?" సార్, "తెలిసి చేరినోడే క్లాసుల కూసుంటడు" అని ఆ చార్టును తన బల్ల వెనక గోడకు అతికించుకున్నారు. ఆ ఏడాది ఎప్పటిలాగే పిడికెడు మంది చేరారు.

గంగాధర్ పేరు ఆ చార్టు మధ్యలో ఉంది. సరుకు పచ్చిగా ఉందని కొనేవాడు, గట్టిగా ఎండిందని రైతు. మార్కెట్ యార్డులో ఈ లొల్లి రోజూ ఉండేదే. గంగాధర్ రైతు మాట తీసుకుపోయి నాందేడ్ నుంచి వచ్చిన వ్యాపారికి మరాఠీలో చెప్తాడు, వ్యాపారి మాట తెచ్చి రైతుకు తెలుగులో చెప్తాడు. ఇద్దరి చేతా "గదే" అనిపించాకే ధర మాట ఎత్తుతాడు. హమాలీలు వాడికి "గదే గంగాధర్" అని పేరు పెట్టారు. సార్ ఒకసారి చూడడానికి వెళ్లి, పసుపు దుమ్ముకు తుమ్ముతూ, బస్తాల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. "నాకంటె మంచి క్లాసు నడుపుతున్నవురా" అన్నారట. వాడు ఆ మాటను ఇప్పటికీ కనబడ్డవాళ్లందరికీ చెప్తాడు.

అందరి కథా గంగాధర్ కథ కాదు. రాజేశం అని నా సహాధ్యాయి, క్లాసులో అందరికంటే చురుకైనవాడు, ఉద్యోగం దొరక్క గల్ఫ్ వెళ్లాడు. నడుం చెడి తిరిగొచ్చాక ఒకనాడు స్టాఫ్ రూముకు వచ్చి, నా ఎదుటే సార్ మీద అరిచాడు. "మీ తత్వం ఏం అక్కరకొచ్చింది సార్ నాకు? ఇటుకలు మోసెటోనికి తర్కమెందుకు? ఏం సదివినవ్ అనంటె డిగ్రీ అని ఊకున్న. పేరు చెప్పనీకె సిగ్గయింది." సార్ వాణ్ని కూర్చోబెట్టి, వాడి కోపాన్ని వాడికే చెప్పారు. ఎండ, క్యాంపు గది, ఇంటికి ఫోన్ చేస్తే చెప్పుకోలేని మాటలు. రాజేశం ఏడుస్తూ "గదే సార్" అన్నాడు. ఇక సార్ వంతు. మేమంతా ఎదురుచూశాం. "నా తాన జవాబు లేదు రాజేశం" అన్నారాయన. మర్నాడు చార్టులో వాడి పేరు పక్కన, "చదువు అక్కరకు రాలేదన్నడు" అని రాశారు. ఆ తర్వాత చాలా రోజులు సార్ క్లాసులో గొంతు పెంచి మాట్లాడలేదు.

ఆయన ఉద్యోగ విరమణ చేశారు. ఆ ఖాళీని ఎవరూ నింపలేదు. నేను ప్రిన్సిపాల్ కుర్చీలో కూరుకుపోయాను, పాఠం చెప్పే తీరిక లేదు. సార్ ఎవరూ పిలవకుండానే వారానికి నాలుగు రోజులు బోధన్ బస్సెక్కి వచ్చి, మిగిలిన ఆ కొద్దిమందికి ఊరికే పాఠం చెప్పి పోయేవారు.

రెండేళ్ల కిందట, విద్యార్థులు తక్కువగా ఉన్న కోర్సుల మీద ప్రిన్సిపాల్ అభిప్రాయం కావాలని పైనుంచి కాగితం వచ్చింది. నేను జవాబు రాసి పంపాను. అందులో ఒక వాక్యం: "ఈ కోర్సు చదివినవారికి ఎటువంటి ఉపాధి అవకాశాలూ లేవు." తత్వశాస్త్రం చదివి, ఆ చదువు పెట్టిన కూడే తింటూ, ఆ చదువు ఎక్కించిన కుర్చీలోనే కూర్చుని ఆ వాక్యం రాశాను. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. కోర్సు ఎత్తేశారు. ఆ గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి. గోడ మీది చార్టును ఊడదీసి సార్‌కు పంపించాను.

ఆయన మరుసటి వారం నా గదికి వచ్చారు. సంచిలోంచి డస్టరు తీసి నా బల్ల మీద పెట్టారు. తిడతారేమోనని నేను వీపు బిగించుకుని కూర్చున్నాను. తిట్టలేదు.

"నువ్వు రాసిన దాని పూర్వపక్షం నేను చెప్త, తప్పైతే దిద్దు" అన్నారు. "'ఏడుగురు పిల్లల కోసం ఒక గది పట్టుకోని కూసున్నం. అవుతల అరవై మంది జాగ లేక వరండల నిలవడుతున్నరు. రాజేశం అసొంటి పొలగాడు ఇంకొకడు వచ్చి నన్ను నిలదీస్తె నా తాన సుత జవాబు లేదు. సార్ మీద ప్రేమతోని పిల్లల తల్లిదండ్రులకు అబద్ధం చెప్పలేను. నా చెయ్యి కోసుకున్నట్టుంది, అయినా రాయాలె.' గిదే గదా సునందా?"

ఆయన నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశారు. ఒక్క మాట. గదే. నేను అనలేకపోయాను. "చాయ్ తాగుతరా సార్?" అన్నాను.

చాయ్ తెప్పించాను. తాగారు. లేచేటప్పుడు, "నువ్వు గదే అన్ననాడు నా మాట చెప్త తియ్" అన్నారు. నియమం నియమమే. నేను ఒప్పుకోనిదే ఆయనకు జవాబు చెప్పే వంతు రాదు. ఆయన డస్టరు నా బల్ల మీదే ఉండిపోయింది. తర్వాత గంగాధర్ బిడ్డ పెళ్లిలో కలిశారు. బస్టాండులో కలిశారు. ప్రతిసారీ "ఏం సునందా?" అని కనుబొమలు ఎత్తి ఆగేవారు. "పని మస్తున్నది సార్" అని నేను పక్కకు జరిగేదాన్ని. అరవై దాటిన మనిషిని అట్లా నడిబజార్లో నిలబెట్టి వచ్చేదాన్ని.

బుధవారం నేను బోధన్ చేరేసరికి జనాజా లేవడానికి సిద్ధంగా ఉంది. మగవాళ్లంతా ఖబరస్తాన్‌కు వెళ్లారు. నేను లోపల ఆడవాళ్లతో చాప మీద కూర్చున్నాను. గంగాధర్ మూడు పిడికిళ్ల మన్ను వేసి వచ్చి, చేతులు కడుక్కోకుండా గడప అవతలే కూలబడ్డాడు. సార్ భార్య, మేమంతా అమ్మ అని పిలిచే రజియా బేగం గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒకసారి అడిగిన బేటా ఆయనను, సునంద మీద గుస్సా ఉన్నవా అని. 'గుస్సా ఎందుకు? ఆమె మాట ఇంక పూరా కాలే' అన్నడు. నువ్వు వస్తవని చూసెటోడు."

తర్వాత ఆమె బీరువా తెరిచి బట్టల కింద పరిచిన చార్టు బయటికి తీసి చూపారు. అంచులు చిరిగాయి, జిగురు మరకలు అట్లాగే ఉన్నాయి. నా పేరు దగ్గర "ఈ కాలేజిలనే పాఠం చెప్తుంది" అన్నది కొట్టేసి, పక్కన వణికిన అక్షరాలతో "ప్రిన్సిపాల్ అయింది" అని ఉంది. సిరా కొత్తది. అవకాశాలు లేవని నేను రాసి పంపిన తర్వాత రాసింది. నేను అందరి ముందూ ఏడ్చాను. గంగాధర్ కూడా.

వారి లోటు పూడనిదని ఇటువంటి వ్యాసాల చివర రాస్తారు. ఆ మాట ఎంత నిజమో నాకు ఇప్పుడు తెలిసింది. దర్శనాలు చెప్పేవారు ఇంకా ఉన్నారు, గ్రంథాలు ఉన్నాయి. కానీ నా వాక్యానికి ఆయన చెప్పదలచిన జవాబు ఒక్క ఆయన దగ్గరే ఉండేది. ఊహించుకోవచ్చు కదా అంటాడు గంగాధర్. ఊహిస్తే నేను ఆయన మాటను నాకు నచ్చినట్టు మెత్తగా చేసుకుంటాను. ఆ తప్పు చేయొద్దనే ఆయన మాకు జీవితాంతం నేర్పింది.

నేను చేయగలిగింది ఒక్కటే, రెండేళ్లు ఆలస్యంగా. సార్, ఆ రోజు మీ రోగం మళ్లీ తిరగబెట్టింది. మీరు నా మాటను నాకంటే పెద్దగా చేశారు. మా బాపు బస్సు పాసు అడగబోతే ఆయన నోట బతుకంతా పెట్టినట్టే, నా నోట న్యాయం పెట్టారు. నేను అరవై మందిని తలుచుకోలేదు. రాజేశాన్ని తలుచుకోలేదు. ఆ కాగితానికి జవాబు రాసే ముందురోజు తనిఖీకి వచ్చిన వాళ్లతో భోజనాలు చేస్తుంటే, "మీ సబ్జెక్ట్ ఏంది మేడం?" అని ఒకాయన అడిగాడు. ఫిలాసఫీ అన్నాను. "అంటే చెయ్యి చూసి జాతకం చెప్తరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఆఫీసుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను సార్. ఇక నన్నెవరూ అది అడగకుండా ఉంటే చాలనుకున్నాను. మర్నాడు ఆ వాక్యం రాశాను. చెయ్యి కోసుకున్నట్టేమీ లేదు. హాయిగా అనిపించింది. మీరు చెప్పినంత మంచిదాన్ని కానని దిద్దడానికి సిగ్గుపడి చాయ్ తెప్పించాను.

గిదీ సార్ నా మాట. ఇప్పుడు సరిగ్గా ఉంది. గదే.

ఇగ మీరు చెప్పుండ్రి.